క్యాల్షియం మాత్ర వేరు, గుండె కణంలో క్యాల్షియం తలుపు వేరు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మూడేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వేసుకుంటున్నాను. ఈమధ్య ఎముకల డాక్టరుగారు రోజుకు 500 మి.గ్రా. క్యాల్షియం రాశారు. ఆమ్లోడిపిన్ అంటే ‘క్యాల్షియం ఛానెల్ బ్లాకర్’ అట కదా! ఒక మాత్ర అడ్డుకుంటుంటే ఇంకో మాత్రతో అదే పోసుకోవడం ఏమిటి? రాగిజావ, పెరుగు కూడా మానేయమని మా ఆడపడుచు అంటోంది.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాగిజావ తాగండి, పెరుగన్నం తినండి, రెండు మాత్రలూ వేసుకోండి. చిక్కంతా ఆ మందు పేరుతో వచ్చింది. ఆమ్లోడిపిన్ ఒంట్లో క్యాల్షియాన్ని తగ్గించదు. రక్తనాళాల గోడల్లో కండర కణాలుంటాయి. ఆ కణాల పొర మీద క్యాల్షియం లోపలికి పోయే సన్నని దారులే ఛానెళ్లు. వాటిలో కొన్నిటిని ఈ మందు మూసి ఉంచుతుంది. నాళం బిగుసుకోవడం తగ్గి బీపీ దిగుతుంది. అంతవరకే దాని పని.

మీరు తిన్న క్యాల్షియం వల్ల ఆ తలుపుల దగ్గర తోపులాట పెరగదు. రక్తంలో క్యాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మి.గ్రా. మధ్య ఉండేలా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు కాపలా కాస్తాయి. తగ్గితే ఎముకలోంచి తీస్తాయి, పెరిగితే తీయడం ఆపి మూత్రంలో పోనిస్తాయి. పైగా కణం లోపలితో పోలిస్తే బయట క్యాల్షియం ఎప్పుడూ పదివేల రెట్లు ఎక్కువే. కాబట్టి రక్తంలో ఆ హద్దుల మధ్య ఉన్నంతవరకు బయట ఎంత ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తలుపు ఎప్పుడు తెరుచుకుంది, ఎంతసేపు తెరుచుకుంది అన్నదే లెక్క.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. మీ బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉందేమో చూడండి. అలా ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ కలిసి ఉంటుంది. ఇవి మూత్రంలో క్యాల్షియం పోనివ్వవు. వీటితోపాటు క్యాల్షియం మాత్రలు, విటమిన్-డి సాచెట్లు నెలల తరబడి వాడితే రక్తంలో క్యాల్షియం నిజంగానే పెరగొచ్చు. అలాంటివారు డాక్టరుకు చెప్పి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి. క్యాల్షియం కార్బొనేట్ రకం మాత్రను అన్నం తిన్న వెంటనే వేసుకోండి, అప్పుడే ఒంటికి పడుతుంది. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

స్కాన్‌లో వచ్చే ‘క్యాల్షియం స్కోరు’ గురించి కూడా కొందరు ఇదే భయంతో రాశారు. అది గుండె రక్తనాళాల గోడల్లో పేరుకుని గట్టిపడిన కొవ్వుపొర లెక్క. ఈ ఛానెళ్లతో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: గుండె కొట్టుకోవడంలో క్యాల్షియం పని ఏమిటి? పాఠ్యపుస్తకంలో ఎల్-టైప్ ఛానెల్, రయనోడిన్ రిసెప్టర్, సెర్కా అని పేర్లున్నాయి. ఏది ముందో ఏది వెనకో అర్థం కావడం లేదు. ఇంకో సందేహం: ఈ మందులు ఛానెళ్లను మూసేస్తే కాళ్లూ చేతులూ ఎందుకు చచ్చుబడవు?
— బీఎస్సీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: రెండో సందేహం చాలామందికి తట్టదు. ముందు మొదటిది చూద్దాం.

ఇది బయటపడింది ఒక పొరపాటు వల్ల. లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఒంట్లోంచి తీసి, ఉప్పునీళ్లలో ఉంచి కొట్టుకునేలా చేసేవాడు. 1882లో ఆ ఫలితాలు ప్రకటించాక తెలిసింది, ఆ ద్రావణం స్వేదనజలంతో కాక కుళాయి నీళ్లతో కలిపారని. స్వేదనజలంతో మళ్లీ కలిపితే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్నదీ స్వేదనజలంలో లేనిదీ క్యాల్షియం అని 1883లో తేల్చి చెప్పాడు. ఆస్పత్రిలో ఎక్కించే ‘ఆర్‌ఎల్’ సీసా, అంటే రింగర్ లాక్టేట్, ఆయన పేరు మీదిదే. అందులో ఇప్పటికీ క్యాల్షియం కలుపుతారు.

ఇక వరస. విద్యుత్ తరంగం గుండె కణం మీదికి రాగానే ముందు సోడియం దూసుకొస్తుంది. ఆ వెంటనే పొర మీది ఎల్-టైప్ ఛానెళ్లు తెరుచుకుంటాయి. వాటి గుండా లోపలికి వచ్చే క్యాల్షియం కొంచెమే, కండరాన్ని గట్టిగా బిగించడానికి చాలదు. కానీ ఆ తలుపులకు ఎదురుగా, కణంలోని క్యాల్షియం గోదాము గోడ మీద, రయనోడిన్ రిసెప్టర్లు ఉంటాయి. ఈ కొంచెం తగలగానే అవి తెరుచుకుని గోదాములోని సరుకును కణంలోకి వదులుతాయి. బోదెలోంచి చారెడు నీళ్లు వచ్చి తగిలితే చెరువు తూము లేచినట్టన్నమాట. 1993లో సూక్ష్మదర్శిని కింద ఇవి ఒక్కొక్కటీ చిన్న మెరుపుల్లా కనిపించాయి. అందుకే వాటికి క్యాల్షియం స్పార్క్ అని పేరు పెట్టారు. ఒక్కో గుండె చప్పుడుకు ఇలాంటివి వేలకొద్దీ ఒకేసారి మెరుస్తాయి.

దాంతో కణంలో క్యాల్షియం దాదాపు 0.1 మైక్రోమోలార్ నుంచి 1 దాకా, అంటే పది రెట్లు లేస్తుంది. అది ట్రోపోనిన్-సి అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి, గుండె బిగుసుకుంటుంది.

బిగుసుకోవడంతో కథ సగమే అయింది. వదులవకపోతే గుండెలోకి రక్తం ఎలా నిండుతుంది? వదిలిన క్యాల్షియాన్ని మళ్లీ ఎత్తిపోయాలి. మనిషి గుండెలో అందులో సుమారు మూడింట రెండొంతుల పైచిలుకును సెర్కా అనే పంపు గోదాములోకి తోడేస్తుంది. మిగిలినదాన్ని సోడియం–క్యాల్షియం మార్పిడి యంత్రం బయటికి నెడుతుంది. అది మూడు సోడియం అయాన్లను లోపలికి తీసుకుని ఒక క్యాల్షియం అయాన్‌ను గెంటేస్తుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కింద డిజాక్సిన్ అనే గుండె మందు దగ్గర పనికొస్తుంది. సెర్కాకు ఫాస్ఫోలాంబన్ అనే బ్రేకు ఉంది. భయపడినప్పుడో పరుగెత్తినప్పుడో అడ్రినలిన్ ఆ బ్రేకు తీసేస్తుంది. అందుకే గుండె గట్టిగా బిగియడమే కాదు, త్వరగా వదులవుతుంది కూడా. నిమిషానికి 150 సార్లు కొట్టుకోవాలంటే వదులవడానికీ తొందర ఉండాలి.

ఇప్పుడు కాళ్లూ చేతుల సంగతి. వాటి కండరాల్లోనూ ఎల్-టైప్ ఛానెల్ జాతిదే ఉంది. కాకపోతే అక్కడ అది తలుపుగా కాదు, మీటగా పనిచేస్తుంది. గోదాము మీది రయనోడిన్ రిసెప్టర్‌కు నేరుగా ఆనుకుని ఉండి, విద్యుత్ తగలగానే కదిలి దాన్ని తెరిచేస్తుంది. బయటి క్యాల్షియం లోపలికి రానక్కర్లేదు. కాబట్టి తలుపు మూసినా చేయి పట్టు సడలదు. గుండెకూ రక్తనాళాలకూ ఆ సౌకర్యం లేదు.

గుండెకు లయనిచ్చే సైనస్ నోడ్‌లోనూ, పైగదుల నుంచి కిందిగదులకు తరంగాన్ని పంపే ఏవీ నోడ్‌లోనూ విద్యుత్‌ను లేపేదే క్యాల్షియం. వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే క్యాల్షియం ఛానెల్ బ్లాకర్లు నాడి వేగాన్ని తగ్గించేది అక్కడే.

ప్రశ్న: మావారికి ఆమ్లోడిపిన్ 10 మి.గ్రా. చేశాక సాయంత్రానికల్లా చీలమండలు వాచిపోతున్నాయి. మందుల షాపులో నీరు పోయే మాత్ర ఇచ్చారు. మూత్రం ఎక్కువైంది తప్ప వాపు తగ్గలేదు. కిడ్నీలు పాడయ్యాయేమోనని భయంగా ఉంది.
— ఒక గృహిణి, ఏలూరు

జవాబు: ముందు ఆ షాపు మాత్ర ఆపించండి. ఈ వాపు ఒంట్లో నీరు పెరగడం వల్ల వచ్చింది కాదు, నీరు ఉన్న చోటు మారింది. ఆమ్లోడిపిన్ సన్నటి ధమనులను వెడల్పు చేస్తుంది కానీ సిరల వైపు అంతగా చేయదు. వచ్చే కాలువ వెడల్పయి పోయే కాలువ అలాగే ఉంటే మధ్యలో నీళ్లు గట్టు దాటవా? కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు చర్మం కిందికి ఊరుతుంది. నిలబడితే కిందికి దిగుతుంది కాబట్టి చీలమండల దగ్గర కనిపిస్తుంది. నీరు పోయే మాత్ర దీనికి పెద్దగా పనిచేయదు. పైగా సోడియం, పొటాషియం పడిపోతాయి.

మందు వల్లే అని తేల్చుకోవడానికి కొన్ని చూడాలి. వాపు రెండు కాళ్లకూ సమానంగా ఉండి, రాత్రి పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతూ, 5 మి.గ్రా. నుంచి 10కి పెంచాకే మొదలైతే మందు మీదే అనుమానం. ఒక కాలికే వచ్చి, పిక్కలో నొప్పిగా ఉంటే సిరలో గడ్డ కట్టిందేమో అదేరోజు చూపించాలి. పడుకుంటే ఆయాసం రావడం, వారంలో రెండు కిలోలు పెరగడం, పొద్దున్నే ముఖం ఉబ్బడం ఉంటే గుండె, కిడ్నీ పరీక్షలు కావాలి: ఎకో, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో ఆల్బుమిన్. షుగర్ ఉన్నవారైతే ఇంకో రెండు మందుల పేర్లు చూడండి. పయోగ్లిటజోన్ ఒకటి, అరికాళ్ల మంటలకు రాసే ప్రీగబాలిన్ ఇంకొకటి. రెండూ సొంతంగానే కాళ్లు వాపిస్తాయి. ప్రీగబాలిన్ కూడా క్యాల్షియం ఛానెల్ మీద, దాని పక్కభాగం మీద పనిచేసే మందే. ఒకరు బీపీకి, ఇంకొకరు మంటలకు రాస్తారు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లుండరు.

పరిష్కారం డాక్టరు చేతిలో మూడు రకాలుగా ఉంటుంది. మోతాదు 5కు దించి టెల్మిసార్టన్ లాంటిది కలపడం మొదటిది. అది పోయే కాలువను కూడా వెడల్పు చేస్తుంది కనక వాపు, బీపీ రెండూ దిగుతాయి. చాలామందికి ఇదే సరిపోతుంది. లేదంటే సిల్నిడిపిన్‌కు మారుస్తారు. అది నరాల కొసల్లోని ఎన్-టైప్ ఛానెళ్లను కూడా ఆపడం వల్ల వాపు తక్కువ. మూడోది, ఈ జాతి మందే మానేసి వేరే రకం ఇవ్వడం. ఎస్-ఆమ్లోడిపిన్‌కు మార్చారంటే మోతాదు చూసి బెంగపడకండి. అది 2.5 ఇస్తే మామూలు ఆమ్లోడిపిన్ 5తో సమానం.

ఈ మందులో సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మార్చిన మర్నాడే వాపు దిగలేదని కంగారు వద్దు, వారం పది రోజులు ఆగాలి. ఒక పూట మరిచిపోతే బీపీ అమాంతం లేవకపోవడానికీ కారణం ఇదే. మర్నాడు రెండు మాత్రలు కలిపి మింగనక్కర్లేదు.

ప్రశ్న: బీపీ 190 ఉందని మా నాన్నగారికి ఒక క్లినిక్‌లో నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను గుచ్చి నాలుక కింద వేశారు. ఇంట్లో ఒకటి ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: వద్దు. నిఫెడిపిన్ కూడా ఆమ్లోడిపిన్ జాతి మందే, కానీ ఇలా వేస్తే బీపీ ఎంత పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఒక్కసారిగా పడితే మెదడుకూ గుండెకూ రక్తం చాలక పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలున్నాయి. 1990ల మధ్య నుంచే ఈ పద్ధతి మానమని వైద్యలోకం చెబుతోంది. ఛాతీనొప్పి, మాట తడబడటం, ఆయాసం, చూపు మసకబారడం ఇవేవీ లేకుండా 190 ఉంటే కూర్చోబెట్టి అరగంట తర్వాత మళ్లీ చూడండి. మానేసిన రోజువారీ మాత్ర ఉంటే అది వేయండి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపండి. పైన చెప్పినవాటిలో ఒక్కటున్నా నేరుగా ఆస్పత్రికే.

ప్రశ్న: మా అన్నయ్యకు గుండెదడకు డిల్టియాజెమ్, మెటోప్రొలాల్ రెండూ ఇచ్చేవారు. ఎకోలో పంపింగ్ 30 శాతమే ఉందని తెలిశాక కొత్త డాక్టరు డిల్టియాజెమ్ ఆపేసి, ఆమ్లోడిపిన్ ఫర్వాలేదన్నారు. రెండూ ఒకే జాతి కదా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: జాతి ఒకటే, నివాసం వేరు. డిల్టియాజెమ్, వెరాపమిల్ గుండె కణం మీద కూర్చుంటాయి. ఆమ్లోడిపిన్ మోజు రక్తనాళం మీద. నాళం కణాల పొర మీద విద్యుత్ ఒత్తిడి వేరుగా ఉండి ఛానెళ్లు ఎక్కువసేపు ఆమ్లోడిపిన్ పట్టుకోగల రూపంలో ఉంటాయి. అందుకే మామూలు మోతాదులో అది గుండె బలాన్ని పెద్దగా తగ్గించదు.

బలహీనపడిన గుండెలో క్యాల్షియం వ్యవస్థ ముందే చితికి ఉంటుంది. సెర్కా పంపు తగ్గుతుంది. రయనోడిన్ తూము సరిగా మూసుకోక విశ్రాంతి వేళ కూడా కారుతుంటుంది. గోదాములో సరుకు తక్కువ కాబట్టి బిగుపు బలహీనం. తోడిపోత నెమ్మది కాబట్టి వదులవడమూ ఆలస్యం. ఆ కారేదాన్ని బయటికి నెట్టేటప్పుడు మూడు సోడియంలు లోపలికొస్తాయి, దాంతో అదనపు విద్యుత్ పుట్టి లయ తప్పుతుంది. ఒక్క లోపం నుంచి నీరసం, ఆయాసం, దడ మూడూ వస్తున్నాయన్నమాట. అలాంటి గుండెలో ఎల్-టైప్ తలుపునూ మూస్తే ఏమవుతుందో 1988లోనే తెలిసింది. గుండెపోటు వచ్చాక ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి డిల్టియాజెమ్ ఇస్తే గుండె సమస్యలు పెరిగాయి. ఆమ్లోడిపిన్‌ను 1996లో తీవ్రంగా బలహీనపడిన గుండెల మీద పరీక్షిస్తే మరణాలు పెరగలేదు. అంటే చికిత్సగా కాదు, బీపీకి అవసరమైతే హాని చేయని మందుగా వాడొచ్చు.

మరి తగ్గిన సెర్కాను నింపేస్తే? జన్యుచికిత్సతో అదీ చేసి చూశారు. 250 మందితో చేసిన క్యూపిడ్-2 అనే ప్రయోగం ఫలితాలు 2016లో అచ్చయ్యాయి, ఏమీ ఒరగలేదు. గుండెను నెమ్మదింపజేసే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లే నెలల మీద పంపింగ్‌ను పెంచుతున్నాయి. అడ్రినలిన్ కొరడా దెబ్బలు తగ్గితే తూము కారడం తగ్గడం అందులో ఒక కారణం.

మీ అన్నయ్యకు ఆ రెండు మందులూ కలిపి ఇవ్వడంలో ఇంకో ప్రమాదం ఉండేది. రెండూ ఏవీ నోడ్‌నే నొక్కుతాయి. నాడి 50 కంటే తగ్గడం, కళ్లు తిరగడం, ఈసీజీలో పీఆర్ అంతరం (పైగదుల నుంచి కిందిగదులకు తరంగం చేరే సమయం) 200 మిల్లీసెకన్లు దాటి సాగుతూ పోవడం దాని గుర్తులు. డిజాక్సిన్ కూడా ఉంటే మరీ జాగ్రత్త, వెరాపమిల్ దాని మోతాదును రక్తంలో పెంచేస్తుంది. కణంలోంచి సోడియాన్ని బయటికి తోడే పంపును డిజాక్సిన్ ఆపుతుంది. లోపల సోడియం పెరిగితే ఇందాకటి మూడుకు ఒకటి మార్పిడి మందగిస్తుంది, క్యాల్షియం లోపలే మిగిలిపోతుంది. కొంచెమైతే బలం, కాస్త ఎక్కువైతే విషం. పచ్చగన్నేరు కాయ చేసే పనీ సరిగ్గా ఇదే. పిల్లలు ఆడుకుంటూ దాన్ని కొరికితే వాంతి అయి తేరుకున్నట్టు కనిపించినా ఈసీజీ సదుపాయం ఉన్న ఆస్పత్రిలో గమనింపులో ఉంచాల్సిందే.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. స్కూల్లో పరుగుపందెంలో రెండుసార్లు, ఒకసారి భయపడి స్పృహ తప్పింది. ఈసీజీ, ఎకో బాగున్నాయన్నారు. ఫిట్స్ మందు ఇచ్చారు. మాది మేనరికం.
— ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఈ ఉత్తరాన్ని వరసలో పెట్టకుండా ముందే జవాబు పంపాం. అందరికీ తెలియాలని అచ్చువేస్తున్నాం. పరుగులోనో, ఈతలోనో, భయంలోనో పిల్లలు స్పృహ తప్పితే, అది గుండె వల్ల కాదని తేలేదాకా గుండెదే అనుకోవాలి. సీపీవీటీ అనే జబ్బులో గుండె ఆకారం, విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగానే ఉంటాయి. దోషం రయనోడిన్ తూములో ఉంటుంది. అడ్రినలిన్ తగలగానే అది కారి లయ తప్పుతుంది. మెదడుకు రక్తం అందక పడిపోయినప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకోవడంతో ఫిట్స్ అనుకుంటారు.

అడగాల్సిన పరీక్ష ట్రెడ్‌మిల్. అది కూడా పిల్లల గుండె లయ నిపుణుల దగ్గర, షాక్ యంత్రం పక్కన పెట్టుకుని చేయాలి. నాడి 110–130 దాటేసరికి కిందిగది నుంచి అదనపు చప్పుళ్లు మొదలవుతాయి. వేగం పెరిగేకొద్దీ అవి వరసలుగా వస్తాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి మారుతూ కనిపిస్తే అనుమానం బలపడినట్టే. జన్యుపరీక్షలో ఎక్కువమందికి ఆర్‌వైఆర్-2 జన్యువులో మార్పు కనిపిస్తుంది, ఒక ప్రతి చాలు జబ్బు రావడానికి. సీఏఎస్‌క్యూ-2 అనే ఇంకో జన్యువు వల్ల వచ్చే రకానికి మాత్రం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. మేనరికం అని మీరు రాసింది అందుకే ముఖ్యం. అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ లక్షణాలు లేకున్నా పరీక్ష చేయించాలి.

తేలితే చికిత్స ఉంది. నాడొలాల్, అది దొరక్కపోతే ప్రొప్రనొలాల్, రోజూ వాడాలి. ఒక్క పూట తప్పినా ప్రమాదమే కాబట్టి ప్రయాణంలో మాత్రలు రెండు సంచుల్లో ఉంచండి. చాలకపోతే ఫ్లెకనైడ్ కలుపుతారు. పరీక్ష అయ్యేదాకా పరుగుపందెం, ఒంటరిగా ఈత వద్దు. ఇంట్లో ఇద్దరైనా సీపీఆర్ నేర్చుకోండి. స్కూలు వ్యాయామ టీచరుకు కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రశ్న: మూడు నెలల బాబుకు ఫిట్స్, ఆయాసం వస్తే గుండె పెద్దదైందన్నారు. చివరికి క్యాల్షియం తక్కువని తేల్చి ఎక్కించారు, నెలల్లో గుండె మామూలైంది. ఇది నిజంగా జరుగుతుందా?
— ఒక అమ్మమ్మ, మహబూబ్‌నగర్

జవాబు: జరుగుతుందండీ. గుండె బలహీనతల్లో పూర్తిగా కుదిరే అరుదైన రకం ఇది. తలుపులు బాగానే ఉన్నా, ఎదర సరుకే లేని పరిస్థితి. తల్లికి విటమిన్-డి బాగా తక్కువైతే బిడ్డకూ తక్కువే. తల్లిపాలలో అది ఎటూ స్వల్పం. అందుకే ఏడాది వచ్చేదాకా పసివాళ్లకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు. పెద్దల్లో థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పారాథైరాయిడ్ దెబ్బతింటే ఇదే వస్తుంది: మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, ఈసీజీలో క్యూటీ (కిందిగదులు విద్యుత్ లేచి తిరిగి సర్దుకునే సమయం) సాగడం. రిపోర్టు చూసేటప్పుడు ఆల్బుమిన్ కూడా చూడాలి. అది 4 కంటే ఎంత తగ్గితే అంతకు 0.8 రెట్లు క్యాల్షియానికి కలపాలి. క్యాల్షియం 7.6, ఆల్బుమిన్ 3 అయితే అసలు విలువ 8.4 అన్నమాట. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఎంత క్యాల్షియం ఎక్కించినా నిలవదు. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో ఇది కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ మందులు వాడేవారు బత్తాయి తినకూడదా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: బత్తాయి జిల్లావారికి ఈ బెంగ అక్కర్లేదు. ఆ హెచ్చరిక గ్రేప్‌ఫ్రూట్ గురించి. పేగుల్లో మందును విరగ్గొట్టే ఎంజైమును అది ఆపేస్తుంది, మందు మోతాదు రక్తంలో పెరుగుతుంది. ఫెలోడిపిన్, నిఫెడిపిన్‌తో ఎక్కువ, ఆమ్లోడిపిన్‌తో తక్కువ. దాని చుట్టమైన పంపర పనసలోనూ అలాంటి పదార్థాలున్నాయి కాబట్టి రోజూ గ్లాసులకొద్దీ రసం తాగకండి. పండుకన్నా పెద్ద తంటా మందులతోనే. ఆమ్లోడిపిన్‌తో సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర 20 మి.గ్రా. దాటకూడదు, డిల్టియాజెమ్ లేదా వెరాపమిల్‌తో అయితే 10. గొంతు ఇన్ఫెక్షన్‌కు క్లారిత్రోమైసిన్ రాస్తుంటే బీపీకి ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పండి, దాని బదులు అజిత్రోమైసిన్ లాంటిది కుదురుతుందేమో డాక్టరు చూస్తారు.